1,600 రూపాయల దరఖాస్తు, ఇరవై ఏళ్ల లెక్క: పేటెంట్ ఆఫీసు ఆన్‌లైన్ సేవ, దాని చుట్టూ ఉన్న ప్యాకేజీలపై సమీక్ష

పేటెంటు తీసుకోవాలంటే లక్షలు పోయాలన్న మాట ఊళ్లలో వెల్డింగ్ షాపుల దాకా పాకిపోయింది. ఇంకోవైపు ఫోను తెరిస్తే చాలు, ‘9,999కే పేటెంటు’ అన్న ప్రకటన. రెండూ నమ్మదగ్గవి కావు. ప్రభుత్వానికి కట్టే రుసుము చాలామంది అనుకునేదానికంటే బాగా తక్కువ. మనిషికి కట్టేది ఎక్కువ. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది తేదీ తప్పడం. ఈ సమీక్ష ఆ మూడిటి గురించే.

చూసిన సేవలు ఇవి: భారత పేటెంట్ కార్యాలయం ఈ-ఫైలింగ్ పోర్టల్, సొంతంగా పనిచేసే పేటెంట్ ఏజెంట్లు, ఇంటర్నెట్‌లో అమ్మే ప్యాకేజీలు, స్టార్టప్‌ల ఏజెంటు (ఫెసిలిటేటర్) ఫీజును ప్రభుత్వమే చెల్లించే ఫెసిలిటేటర్ల పథకం. రుసుములన్నీ 2024 మార్చి 15న అమల్లోకి వచ్చిన సవరణల తర్వాతివి. లెక్క గాలిలో ఉండకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. గుంటూరు ప్రాంతంలో ఎండుమిర్చికి తొడిమలు తీసే చిన్న యంత్రం. దరఖాస్తుదారు ఒక వ్యక్తి, కంపెనీ కాదు. స్పెసిఫికేషన్ (ఆవిష్కరణను వివరించే పత్రం) బొమ్మలతో కలిపి 38 పేజీలు, క్లెయిములు (దేని మీద హక్కు కావాలో చెప్పే వాక్యాలు) 14.

ప్రభుత్వ రుసుము: ఇక్కడ మార్కులు వేయాల్సిందే

వ్యక్తులు, గుర్తింపు ఉన్న స్టార్టప్‌లు, చిన్న సంస్థలు, విద్యాసంస్థలు ఒకే తరగతి. వీరికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. మిగతా అందరికీ 8,000. కాగితం మీద ఇస్తే దాదాపు పది శాతం ఎక్కువ. ఏజెంటు ద్వారా వెళ్తే ఆన్‌లైన్ ఒక్కటే దారి.

ఈ 1,600లో 30 పేజీలు, 10 క్లెయిములు కలిసి ఉంటాయి. దాటిన ప్రతి పేజీకి 160, ప్రతి క్లెయిముకు 320. మన యంత్రానికి 8 పేజీలు ఎక్కువ, అంటే 1,280. 4 క్లెయిములు ఎక్కువ, అదీ 1,280. మొత్తం 4,160. పేజీలు తగ్గించాలని అక్షరాలు చిన్నవి చేసి, అంచులు కుదించేవాళ్లున్నారు. అది కుదరదు. ఏ4 కాగితం, పైన ఎడమన కనీసం 4 సెంటీమీటర్ల అంచు, కింద కుడిన 3 సెంటీమీటర్లు, వరసల మధ్య ఒకటిన్నర ఖాళీ ఉండాలని నియమాల్లోనే ఉంది. పేజీ మిగుల్చుకోవాలంటే బొమ్మల దగ్గర చూడాలి. ఒక్కో బొమ్మకు ఒక్కో పేజీ పెట్టే అలవాటు మానేసి, స్పష్టత చెడకుండా రెండేసి సర్దితే మూడు నాలుగు పేజీలు కలిసొస్తాయి.

దరఖాస్తు పెట్టినంత మాత్రాన ఎవరూ దాన్ని పరీక్షించరు. ఫారం 18తో విడిగా అడగాలి. దానికి వ్యక్తికి 4,000, పెద్ద కంపెనీకి 20,000. అంటే మన యంత్రానికి పేటెంటు చేతికొచ్చే దాకా తప్పనిసరిగా కట్టాల్సింది 4,160కి 4,000 కలిపి 8,160 రూపాయలు. అదే దరఖాస్తు పెద్ద కంపెనీ పెడితే 40,800. ఎనిమిది వేలకు ఒక ఆవిష్కరణను ఇంజనీరింగ్ చదివిన పరీక్షకుడు ప్రపంచమంతటి పాత పత్రాలతో పోల్చి చూడటం నిజంగా మంచి సేవ. ఈ ఒక్క కారణానికే పోర్టల్‌లోని మిగతా ఇబ్బందులను ఓర్చుకోవచ్చు.

ఐచ్ఛికంగా కట్టేవి రెండున్నాయి. మామూలుగా 18 నెలలకు ప్రచురణ అవుతుంది. త్వరగా కావాలంటే ఫారం 9, వ్యక్తికి 2,500. పరీక్ష త్వరగా కావాలంటే ఫారం 18ఏ, వ్యక్తికి 8,000, పెద్ద కంపెనీకి 60,000. 18ఏ డబ్బు కట్టగానే అందరికీ దొరికేది కాదు. స్టార్టప్, చిన్న సంస్థ, దరఖాస్తుదారుల్లో ఒక మహిళ ఉన్న వ్యక్తులు, అంతర్జాతీయ దరఖాస్తులో పాత పత్రాల వెతుకులాటకు భారత కార్యాలయాన్ని ఎంచుకున్నవారు వంటి కొన్ని వర్గాలకే. భార్యాభర్తలు కలిసి తయారుచేసిన యంత్రానికి భర్త పేరు ఒక్కటే పెట్టి, తర్వాత ‘మాకు త్వరగా రాదా’ అని అడిగే సందర్భాలు తరచూ కనిపిస్తాయి. ఆమె పని అందులో నిజంగా ఉంటే ఆమె పేరు ముందే ఉండటం న్యాయం. ఈ దారి తెరుచుకోవడం దాని వెంట వచ్చే లాభం.

ఫారం 9 విషయంలో ఒక మాట. ఏ కారణమూ లేకుండా 2,500 కట్టి తొందరగా ప్రచురించుకోవద్దు. ప్రచురణ అంటే పేటెంటు రావడం కాదు, మీ ఆలోచన లోకానికి తెలియడం. కాలేజీల్లో ‘పేటెంట్ పబ్లిష్డ్’ అని ఒక గొప్పగా చెప్పుకుంటున్నారు గానీ, అది పరీక్ష కూడా మొదలుకాని దశ. పోటీదారు అప్పటికే నకలు కొడుతున్నాడనో, 18ఏకి వెళ్తున్నామనో ఉంటే తప్ప ఆ 2,500 మిగుల్చుకోవడమే మంచిది.

పోర్టల్ పనితీరు

ఖాతా తెరవడానికి, సంతకానికి మూడో తరగతి (క్లాస్ 3) డిజిటల్ సంతకం కావాలి. రెండేళ్లకు యూఎస్‌బీ టోకెనుతో కలిపి రెండు వేల రూపాయల చుట్టూ అవుతుంది. దాని గడువు తేదీ మీ పేటెంట్ తేదీల పట్టికలో మొదటి వరసలో రాసుకోండి. చివరి రోజు రాత్రి టోకెను గడువు తీరిందని తెలిస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

ఫారం 1 దరఖాస్తు, ఫారం 2 స్పెసిఫికేషన్, ఫారం 3 విదేశీ దరఖాస్తుల వివరం, ఫారం 5 ఆవిష్కర్త ప్రకటన. ఏజెంటును పెట్టుకుంటే ఫారం 26. స్టార్టప్, చిన్న సంస్థ, విద్యాసంస్థ తగ్గింపు అడిగితే ఫారం 28. డబ్బు భారత్‌కోష్ అనే కేంద్ర ప్రభుత్వ చెల్లింపుల వెబ్‌సైట్ ద్వారా వెళ్తుంది. ఇక్కడే ఎక్కువమందికి గుండె ఆగినంత పనవుతుంది. ఖాతాలో డబ్బు తగ్గిపోతుంది, రసీదు మాత్రం రాదు. వెంటనే రెండోసారి కట్టేయకండి. ముందు పోర్టల్‌లో చెల్లింపు చరిత్ర చూడండి, భారత్‌కోష్‌లో లావాదేవీ స్థితి చూడండి. పేటెంట్ కార్యాలయం ఇచ్చే సీబీఆర్ నంబరుతో రసీదు వచ్చేదాకా దరఖాస్తు పడనట్టే లెక్క. అందుకే చివరి తేదీకి కనీసం వారం ముందు కట్టాలి.

రసీదు వచ్చాక అందులో దరఖాస్తు నంబరును జాగ్రత్తగా చదవండి. పన్నెండు అంకెలుంటాయి. మొదటి నాలుగు సంవత్సరం. అయిదోది కార్యాలయం: ఢిల్లీకి 1, ముంబైకి 2, కోల్‌కతాకు 3, చెన్నైకి 4. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ చెన్నై పరిధిలోవి. కాబట్టి ఇక్కడివారి మామూలు దరఖాస్తు 202541 వంటి అంకెలతో మొదలవుతుంది. మీ ఏజెంటు ఫైల్ చేశానని చెప్పి నంబరు ఇవ్వకుండా స్క్రీన్‌షాట్ మాత్రం పంపితే, నంబరూ సీబీఆర్ రసీదూ అడిగి తీసుకోండి. ఇవ్వడానికి నిమిషం కూడా పట్టదు.

పోర్టల్‌లో నచ్చని విషయం: గడువు దగ్గరపడుతోందని గట్టిగా గుర్తుచేసే ఏర్పాటు మీద ఆధారపడలేం. ఈమెయిల్ వస్తే వస్తుంది, స్పామ్‌లో పడితే పడుతుంది. పైగా ఏజెంటు చిరునామా ఇచ్చి ఉంటే ఉత్తరాలన్నీ అక్కడికే పోతాయి. దరఖాస్తు స్థితి పేజీ మాత్రం ఎవరైనా, ఏ ఖాతా లేకుండా, ఉచితంగా చూడొచ్చు. నెలకోసారి మీరే చూసుకోండి.

తేదీల పట్టిక

డబ్బు ఎంత అన్నదానికంటే ఎప్పుడు అన్నదే బడ్జెట్‌లో ముఖ్యం. ఉదాహరణకు మన యంత్రానికి 2025 జనవరి 20న ప్రొవిజినల్, అంటే ముందు తేదీ దక్కించుకోవడానికి వేసే తొలి దరఖాస్తు, వేశారనుకుందాం. ఆ రోజు 1,600. పూర్తి స్పెసిఫికేషన్ 2026 జనవరి 20 లోపు వేయాలి. దానికి మళ్లీ దరఖాస్తు రుసుము లేదు, అదనపు పేజీలు, క్లెయిముల 2,560 మాత్రమే. పరీక్ష కోసం ఫారం 18 వేయడానికి మొదటి తేదీ నుంచి 31 నెలలు, అంటే 2027 ఆగస్టు 20. 2024 సవరణకు ముందు ఇది 48 నెలలు. పాత కథనాలు, పాత వీడియోలు ఇప్పటికీ 48 అనే చెబుతున్నాయి. వాటిని నమ్మి కూర్చుంటే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టుగా భావించి మూసేస్తారు. నాలుగు వేలు ఆదా చేద్దామని మొత్తం పోగొట్టుకున్నట్టవుతుంది.

మొదటి పరీక్ష నివేదిక వచ్చాక జవాబుకు ఆరు నెలలు. ఫీజు కట్టి మరో మూడు నెలలు తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత అవసరమైతే విచారణ, ఇప్పుడది వీడియోలోనే జరుగుతుంది కాబట్టి చెన్నై రైలు టికెట్టు బడ్జెట్‌లో పెట్టక్కర్లేదు. విచారణ ముగిసిన 15 రోజుల్లో రాతపూర్వక వాదన వేయాలి. ఆ పదిహేను రోజులకు ఏజెంటు విడిగా బిల్లు వేస్తాడా లేదా అన్నది ముందే అడగండి.

ఇక చాలామంది మరచిపోయేది రెన్యువల్, అంటే పేటెంటు అమల్లో ఉండటానికి ఏటా కట్టే రుసుము. మూడో ఏడాది నుంచి ఆరో ఏడాది దాకా ఏటా 800. ఏడు నుంచి పది దాకా 2,400. పదకొండు నుంచి పదిహేను దాకా 4,800. పదహారు నుంచి ఇరవై దాకా 8,000. మొత్తం కూడితే వ్యక్తికి 76,800. పెద్ద కంపెనీకి దీనికి అయిదు రెట్లు, 3,84,000. ఏళ్లు పేటెంటు వచ్చిన రోజు నుంచి కాదు, దరఖాస్తు వేసిన రోజు నుంచి లెక్క. మన ఉదాహరణలో పేటెంటు 2028 మేలో రిజిస్టరులో చేరిందనుకుందాం. అప్పటికే మూడో ఏడాది, నాలుగో ఏడాది రుసుములు పేరుకుని ఉంటాయి. ఆ 1,600 మూడు నెలల్లో కట్టాలి. సర్టిఫికెట్ వచ్చిన సంబరంలో ఈ బకాయి ఎవరికీ గుర్తుండదు. గడువు దాటితే అదనపు రుసుముతో ఆరు నెలల వెసులుబాటు ఉంది. అదీ దాటితే పేటెంటు ఆగిపోతుంది. ఆగిన తేదీ నుంచి 18 నెలల లోపు పునరుద్ధరణ అడగొచ్చు గానీ, కావాలని కట్టకుండా ఉండలేదని రుజువు చేసుకోవాలి. ఆ మధ్యలో నకలు కొట్టినవాళ్లమీద ఏమీ చేయలేరు.

కనీసం నాలుగేళ్లవి ఒకేసారి ఆన్‌లైన్‌లో ముందే కడితే పది శాతం తగ్గింపు 2024లో వచ్చింది. ఏడు నుంచి పది దాకా 9,600కు బదులు 8,640. మిగిలేది 960. యంత్రం అమ్ముడుపోతుంటే కట్టేయండి, మరచిపోయే ప్రమాదం కూడా తప్పుతుంది. అమ్మకం తేలనప్పుడు నాలుగేళ్ల డబ్బు ముందే పెట్టడం దండగ. అయిదారేళ్లు చూశాక ఆ యంత్రానికి గిరాకీ లేకపోతే రెన్యువల్ ఆపేయడమూ బడ్జెట్‌లో భాగమే, అందులో తప్పేమీ లేదు.

ఏజెంటు ఫీజు: అసలు డబ్బు పోయేది ఇక్కడ

హైదరాబాద్, విజయవాడల్లో ఇలాంటి సాదా మెకానికల్ యంత్రానికి పూర్తి స్పెసిఫికేషన్ రాయడానికి పాతిక వేల నుంచి అరవై వేల దాకా అడుగుతారు. పరీక్ష నివేదికకు జవాబు పది నుంచి పాతిక వేలు. విచారణకు మళ్లీ పది వేల చుట్టూ. ఫార్మా, టెలికాం అయితే ఈ అంకెలు సరిపోవు. అంటే ప్రభుత్వానికి ఎనిమిది వేలైతే, మనిషికి నలభై అయిదు వేల నుంచి తొంభై అయిదు వేల దాకా. దీన్ని తగ్గించుకోవాలనే ఆరాటంలోనే తప్పులు జరుగుతాయి.

రాతలో ఏం కొంటున్నారో ఒక క్లెయిము పక్కన పెట్టి చూడండి. తక్కువ డబ్బుకు రాసినది ఇలా ఉంటుంది: ‘అర హార్స్‌పవర్ మోటారు, ఎదురెదురుగా తిరిగే రెండు రబ్బరు రోలర్లు, ఇనుప జల్లెడ, నాలుగు చక్రాల ఫ్రేము గల మిరప తొడిమలు తీసే యంత్రం’. చూడ్డానికి మీ యంత్రమే. కానీ పక్కవాడు రబ్బరు రోలరు తీసేసి నైలాన్ బ్రష్ పెడితే మీ క్లెయిము కిందికి రాడు. చక్రాలు తీసేసినా రాడు. క్లెయిములో పెట్టిన ప్రతి భాగం మీ పొలానికి మీరే వేసుకున్న గట్టు, గట్టు ఎక్కువైన కొద్దీ లోపలి నేల తగ్గుతుంది. బాగా రాసేవారు ముందు మిమ్మల్ని కూర్చోబెట్టి అడుగుతారు: తొడిమ ఊడేది దేనివల్ల? కాయ పగలకుండా తొడిమనే పట్టుకునే ఖాళీ వల్లా, రెండు తలాల వేగంలో తేడా వల్లా? ఆ జవాబు మొదటి క్లెయిము అవుతుంది. రబ్బరు, బ్రష్, మోటారు, చక్రాలు కింది క్లెయిముల్లోకి పోతాయి. ఈ ఒక్క సంభాషణకే మిగతా డబ్బంతా ఇవ్వొచ్చు. మొదటి మాటల్లోనే ‘ఫోటోలు వాట్సాప్ చేయండి, మూడు రోజుల్లో ఫైల్ చేస్తాం’ అంటే అక్కడ ఆ సంభాషణ జరగదని అర్థం.

తర్వాత దిద్దుకుందాం అనుకోవడానికి లేదు. ఫైల్ చేశాక కొత్త విషయం చేర్చనివ్వరు. క్లెయిములు కుదించొచ్చు, స్పెసిఫికేషన్‌లో లేనిదాన్ని తెచ్చి పెట్టలేం. ప్రొవిజినల్‌కూ ఇదే వర్తిస్తుంది. ఒకే పేజీలో ‘మిర్చి తొడిమలు తీసే యంత్రం’ అని రాసి 1,600 కట్టి తేదీ దొరికిందనుకుంటారు. ఆ పేజీలో రోలర్ల ఖాళీ గురించి లేకపోతే, ఆ అంశానికి ఆ తేదీ దక్కదు. ప్రొవిజినల్‌లో క్లెయిములు అవసరం లేదు గానీ, వివరణ మాత్రం పూర్తిగా ఉండాలి: చేతితో గీసిన బొమ్మలు, కొలతలు, మీరు ప్రయత్నించి వదిలేసిన పద్ధతులు కూడా.

అయినా ప్రొవిజినల్ దారే చిన్న బడ్జెట్‌కు మంచిదని మా నిశ్చితాభిప్రాయం. 1,600కు పన్నెండు నెలలు దొరుకుతాయి. ఆలోగా ఒక సీజను యార్డు దగ్గర నడిపించి చూడొచ్చు. కొనేవాళ్లు లేరని తేలితే పూర్తి స్పెసిఫికేషన్ వేయకుండా వదిలేయొచ్చు. అలా వదిలేసిన దరఖాస్తు ప్రచురణ కాదు.

ఏజెంటు అసలు ఏజెంటేనా అన్నది చూసుకోవడం ఉచితం. సైన్స్ లేదా ఇంజనీరింగ్ డిగ్రీ ఉండి, పేటెంట్ కార్యాలయం పెట్టే పరీక్ష పాసైనవారికి రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, ఐఎన్, పీఏ అన్న అక్షరాలతో మొదలవుతుంది. జాబితా ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉంది.

బిల్లు చదవడం

రాత ఫీజు 30,000, ప్రభుత్వ రుసుము 4,160 అని రెండు వరసలున్న బిల్లు తీసుకోండి. జీఎస్టీ 18 శాతం రాత ఫీజు మీద మాత్రమే పడాలి, అంటే 5,400. మీ తరఫున కట్టిన ప్రభుత్వ రుసుమును రసీదు జతచేసి విడిగా, పన్ను లేకుండా చూపాలి. చాలా బిల్లుల్లో రెండూ కలిపి 34,160 మీద 6,148 రూపాయల 80 పైసలు వేస్తారు. తేడా 748 రూపాయల 80 పైసలే కదా అనిపిస్తుంది. పెద్ద కంపెనీ రుసుముల మీద ఇదే తప్పు జరిగితే వేలల్లోకి పోతుంది. ఇంకో విషయం, ‘గవర్నమెంట్ ఫీజు’ అన్న వరసలో దరఖాస్తు రుసుముగా 8,000 ఉంటే ఆగండి. మీరు వ్యక్తి అయితే అది 1,600 కావాలి. సీబీఆర్ రసీదులో ఉన్న మొత్తం, బిల్లులో ఉన్న మొత్తం ఒకటేనా అని పోల్చి చూడండి.

9,999 ప్యాకేజీలు

ఇవి కొనొద్దనే చెబుతాం, కారణాలతో. అందులో ఎక్కువగా ఉండేది ప్రొవిజినల్ ఒక్కటే. పూర్తి స్పెసిఫికేషన్ ‘రెండో దశ’, ఫారం 18 ‘మూడో దశ’, పరీక్ష నివేదికకు జవాబు ‘అదనపు సేవ’. అన్నీ కలిపితే మామూలు ఏజెంటు అడిగేదానికి తక్కువ కాదు, పైగా ఒక్కో దశలో ఒక్కో మనిషి మీ కాగితాలు చూస్తాడు. ‘గ్యారంటీగా పేటెంటు’ అంటే ఆ మాట దగ్గరే లేచి వచ్చేయండి. ఇచ్చేది పేటెంట్ కంట్రోలర్, అమ్మేవాడు కాదు. అధ్యాపకులకు పదోన్నతి పాయింట్ల కోసం సహ ఆవిష్కర్తల స్థానాలు అమ్మడం, బ్రిటన్‌లో డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించి దాన్ని పేటెంటుగా చూపించడం కూడా జరుగుతోంది. డిజైన్ రిజిస్ట్రేషన్ వస్తువు రూపానికి, పేటెంటు పనిచేసే తీరుకు. ఒకటి కొని ఇంకొకటి దొరికిందనుకుంటే డబ్బుతో పాటు కొత్తదనమూ పోతుంది.

కొత్తదనం పోవడం, అంటే ఫైల్ చేయకముందే బయటపెట్టి పేటెంటుకు అర్హత పోగొట్టుకోవడం, గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. ఫైల్ చేయకముందే యంత్రాన్ని యూట్యూబ్‌లో పెట్టడం, మేళాలో నడిపి చూపించడం ఈ మొత్తం బడ్జెట్‌ను వృథా చేసే పని. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శన, పండిత సంఘం ముందు చదివిన పత్రం వంటి కొద్ది సందర్భాలకే పన్నెండు నెలల మినహాయింపు ఉంది. యూట్యూబ్ వీడియో అందులోకి రాదు. ముందు 1,600, ఆ తర్వాత వీడియో.

డబ్బు తగ్గించే నిజమైన దారులు

స్టార్టప్‌గా కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ (డీపీఐఐటీ) గుర్తింపు ఉంటే ఫెసిలిటేటర్ పథకం ఈ సమీక్షలో అన్నిటికంటే లాభసాటి సేవ. ఫైలింగుకు 15,000, పేటెంటు ఇవ్వొద్దని ఎవరి అభ్యంతరమూ లేకుండా దరఖాస్తు తేలితే 25,000, అభ్యంతరం వచ్చి ఉంటే 35,000 చొప్పున ఏజెంటుకు ప్రభుత్వమే ఇస్తుంది. 2022 నవంబరులో ఈ మొత్తాలు పెరిగాయి. మీరు కట్టేది రుసుములు మాత్రమే. లోపం ఏమిటంటే, కష్టమైన స్పెసిఫికేషన్‌కు 15,000 చాలదని కొందరు శ్రద్ధ తగ్గిస్తారు. అందుకే జాబితాలో మీ రంగంలో పనిచేసినవారిని వెతికి, వాళ్లు రాసిన పాత స్పెసిఫికేషన్ ఒకటి చదివి ఎంచుకోండి. ప్రచురించినవన్నీ ఉచిత శోధన పేజీలో దొరుకుతాయి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న పరిశ్రమలకు కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ దేశీయ పేటెంటుకు లక్ష దాకా, విదేశీ పేటెంటుకు అయిదు లక్షల దాకా తిరిగి ఇస్తుంది. పేటెంటు మంజూరయ్యాకే. అంటే మూడు నాలుగేళ్ల ఖర్చు ముందు మీ జేబులోంచే. బిల్లులు, సీబీఆర్ రసీదులు మొదటి రోజు నుంచీ దాచకపోతే అప్పుడు ఏమీ రాదు.

పల్లెల్లో సొంతంగా యంత్రాలు చేసేవారికి గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ పేటెంట్ దరఖాస్తుకు సాయం చేస్తుంది. చేనేతకు దారం వరసలు తీసే ఆసు యంత్రం చేసి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం వంటివారు ఈ నేల నుంచే వచ్చారు. హైదరాబాద్‌లోని పల్లె సృజన అలాంటివారిని వెతికి వెలుగులోకి తెచ్చే సంస్థ. ఏజెంటు దగ్గరికి వెళ్లేముందు వీరిని కలవడం మంచిది.

పరీక్ష రుసుము కట్టాక మనసు మారితే, మొదటి నివేదిక రాకముందే దరఖాస్తు ఉపసంహరించుకుంటే 90 శాతం దాకా తిరిగి అడగొచ్చు. ఈ సంగతి ఏజెంట్లు పెద్దగా చెప్పరు.

తగ్గింపు తీసుకునేవారికి ఒక హెచ్చరిక. వ్యక్తిగా వేసి తర్వాత దరఖాస్తును పెద్ద కంపెనీకి రాసిచ్చినా, పెద్ద కంపెనీని సహ దరఖాస్తుదారుగా చేర్చినా, రుసుముల మధ్య తేడా కట్టాలి. మన లెక్కలో అది 32,640. యంత్రం హక్కులు అమ్మే ఒప్పందంలో ఆ తేడా ఎవరు భరిస్తారో ఒక వాక్యం రాయించుకోండి.

విదేశాలకు

భారత్‌లో నివసించే ఆవిష్కర్త నేరుగా అమెరికాలో వేయకూడదు. ముందు ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి, లేదా ఫారం 25తో అనుమతి తీసుకోవాలి, వ్యక్తికి 1,600. అమెరికాలో ఉన్న అన్నయ్యా, హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడూ కలిసి చేసిన ఆవిష్కరణకూ ఇదే వర్తిస్తుంది. ఈ 1,600 మరచిపోతే ఇక్కడి హక్కే పోతుంది.

పలు దేశాలకు కలిపి ముందుగా ఒక్కటే వేసే అంతర్జాతీయ దరఖాస్తుకు ప్రధాన రుసుము 1,330 స్విస్ ఫ్రాంకులు. దరఖాస్తుదారులంతా భారత్‌లో ఉండే భారతీయ వ్యక్తులైతే అందులో 90 శాతం తగ్గుతుంది. ఒక కంపెనీ పేరు కలిసినా తగ్గింపు ఉండదు. ఇక్కడితో ఆగితే వేలల్లోనే. ఆ తర్వాత దేశాల్లోకి ప్రవేశించేటప్పుడు, అమెరికాకు 30 నెలలు, ఐరోపాకు 31 నెలల లోపు, అక్కడి ఏజెంట్లు, జపాన్, చైనా అయితే అనువాదం కలిసి దేశానికి లక్షలు. మిర్చి తొడిమ యంత్రానికి ఏ దేశంలో కొనేవాడున్నాడో పేరుతో చెప్పలేకపోతే ఆ లక్షలు అచ్చు పోతల మీద, రెండో నమూనా మీద పెట్టడం మేలు.

మన యంత్రానికి చివరి లెక్క

మొదటి ఏడాది: డిజిటల్ సంతకం 2,000, ప్రొవిజినల్ 1,600, దాని రాతకు ఏజెంటుకు 10,000. ఆ ఏడాది పూర్తయ్యేలోపు: అదనపు పేజీలు, క్లెయిములు 2,560, పూర్తి రాత 35,000. మూడో ఏడాది గడువుకు ముందే ఫారం 18, 4,000. నివేదిక వచ్చాక జవాబు 15,000, విచారణ పడితే 10,000. పేటెంటు రాగానే పేరుకున్న రెన్యువల్ 1,600. ఏజెంటు ఫీజు 70,000 మీద జీఎస్టీ 12,600. మొత్తం 94,360. దీనికి పైన పదిహేను వేలు పక్కన పెట్టండి. పరీక్షకుడు ఒకే దరఖాస్తులో రెండు ఆవిష్కరణలున్నాయంటే, రెండోదాన్ని విడగొట్టి మళ్లీ 1,600, 4,000 కట్టి వేయాల్సి రావచ్చు.

మూడేళ్లకు పైగా పరుచుకునే ఖర్చు ఇది, ఒక్కరోజున కట్టేది కాదు. తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి వర్క్‌షాపు గోడకు అంటించండి: 2026 జనవరి 20, 2027 ఆగస్టు 20, నివేదిక వచ్చిన రోజు నుంచి ఆరు నెలలు, మంజూరు నమోదైన రోజు నుంచి మూడు నెలలు, ఆపైన ప్రతి జనవరి 20. పేటెంటు వచ్చాక దాన్ని వాడుకలో పెట్టారో లేదో తెలుపుతూ మూడు ఆర్థిక సంవత్సరాలకోసారి వేయాల్సిన ఫారం 27ను కూడా అందులో చేర్చండి. దానికి రుసుమేమీ లేదు.